నా కొడుకు ఒంటికన్ను రాక్షసుడి వేషం వేస్తానంటున్నాడు

ఊరు, పేరు వేయవద్దని కోరుతూ ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పెద్దది కనుక సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె కొడుకుకు 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి. ఆరేళ్లప్పుడు దీపావళి రాత్రి చిచ్చుబుడ్డి పేలి ఎడమ కన్ను పోయింది. కృత్రిమ కన్ను అమర్చారు. కొత్తవాళ్లు పోల్చుకోలేరు గానీ తరగతిలో అందరికీ తెలుసు. రెండేళ్లుగా కొందరు పిల్లలు వాడిని ‘సైక్లాప్స్’ (గ్రీకు కథల్లోని ఒంటికన్ను రాక్షసుడు) అని పిలుస్తున్నారు. ఎవరంటున్నారని తల్లి అడిగితే ‘ఎవరూ లేరు’ అని తప్పించుకుంటాడు.

ఈసారి బడి వార్షికోత్సవానికి ఇంగ్లీషు టీచర్ గ్రీకు కథ ఒకటి నాటకంగా వేయిస్తున్నారు. వీరుడు ఒడిస్సియస్ ఒంటికన్ను రాక్షసుడు పాలిఫీమస్ గుహలో చిక్కుకోవడం, వాడి కంట్లో కాలిన దుంగ పొడిచి తప్పించుకోవడం ఆ ఘట్టం. పది రోజుల కిందట, రాక్షసుడి వేషం ఎవరు వేస్తారని టీచర్ అడిగితే అందరికంటే ముందు చెయ్యెత్తింది ఈ అబ్బాయే. టీచర్ ఇబ్బందిపడి ఇంటికి ఫోన్ చేశారు. మీకు అభ్యంతరం లేకపోతేనే ఇస్తాను, సోమవారంలోగా చెప్పండి అన్నారు.

ఇంట్లో తలా ఒక మాట. భర్త ‘వాడిష్టం’ అనేసి పేపరులో తల దూర్చారు. అత్తగారు ‘ఒకసారి పోయింది చాలదా, నలుగురి ముందు మళ్లీ పొడిపించుకోవాలా’ అని కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. అబ్బాయి నెల రోజులుగా కంచం పట్టుకుని గదిలోకి పోయి తలుపేసుకుంటున్నాడు. చెల్లెలి మీద గుర్రుమంటున్నాడు. ఈమధ్య తలుపుకు ‘గుహ: అనుమతి లేనిదే రావద్దు’ అని కాగితం కూడా అంటించాడు. తల్లి ఆ కథ వెతికి చదివి హడలిపోయారు. మనుషుల్ని తినేవాడు, తాగి పడిపోయేవాడు, దేవుళ్లంటే లెక్కలేనివాడు! ‘వాడి గుణాలు నా బిడ్డకు అంటుకుంటాయా? తనను తాను వెక్కిరించుకోవడానికే ఆ వేషం అడిగాడా? ఒప్పుకోనా, మాన్పించనా?’ అని అడుగుతున్నారు. చివరి పేజీలో, వెనకాముందూ ఏ సందర్భమూ లేకుండా, ‘ఆ రాత్రి నేను వంటింట్లో ఉన్నాను’ అని ఒక్క వాక్యం ఉంది.

అమ్మా,

ముందు ఆ రాక్షసుడి సంగతి తేల్చుకుందాం. మీరు చదివింది బహుశా ఏదో కథాసంగ్రహం. అందులో వాడు ఒట్టి తిండిపోతు, మొద్దు. ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యం ‘ఒడిస్సీ’ తొమ్మిదో సర్గలో ఉన్నవాడి గురించి అంత తేలిగ్గా చెప్పడం కష్టం.

ఒడిస్సియస్, అతని మనుషులు గుహలో అడుగుపెట్టేసరికి ఇంటాయన మందను మేపడానికి వెళ్లి ఉన్నాడు. లోపల వాళ్లకు ఎముకల గుట్టలేమీ కనబడలేదు. బుట్టలనిండా చీజ్ ముద్దలు. గొర్రెపిల్లలు, మేకపిల్లలు ఈడును బట్టి వేరువేరు దొడ్లలో: ముందు పుట్టినవి ఒకచోట, నడిమివి ఒకచోట, నిన్నమొన్నటివి మరోచోట. చీకటి పడేవేళకు వాడు వచ్చి కూర్చుని వరసగా పాలు పితుకుతాడు, ఒక్కొక్క పిల్లను దాని తల్లి దగ్గర విడుస్తాడు, సగం పాలు విరగ్గొట్టి బుట్టల్లో పోస్తాడు, మిగతా సగం రాత్రి తాగడానికి అట్టిపెడతాడు. ఇంత పద్ధతిగల పాడిరైతు మన ఊళ్లలోనూ అరుదే. మర్నాడు పొద్దున మళ్లీ అంతే పద్ధతిగా పాలు పితికి, ఇద్దరు మనుషుల్ని తిని, మందను తోలుకుపోతాడు. ఒళ్లు గగుర్పొడిచేది అక్కడే.

మరి హోమర్ దృష్టిలో వాడు ఎందువల్ల రాక్షసుడు? వాడికి ఒకే కన్ను ఉందని కవి విడిగా ఎక్కడా వర్ణించడు. దుంగ పొడిచేటప్పుడు ‘కన్ను’ అని ఏకవచనం వాడతాడు, దాన్నిబట్టి మనం గ్రహించాలి, అంతే. సైక్లోపుల మీద, అంటే వాడి జాతి రాక్షసుల మీద, ఒడిస్సియస్ చేసే ఫిర్యాదు వేరు. వాళ్లు సభ చేరరు, వాళ్లకు చట్టం లేదు, ఎవడి ఇంట్లో వాడే ధర్మకర్త, పక్కవాడు ఏమైనా పట్టదు. గ్రీకులకు అతిథి అంటే సాక్షాత్తూ జూస్ దేవుడి రక్షణలో ఉన్నవాడు. ఆ మాట గుర్తుచేస్తే, జూస్‌కంటే మేమే బలవంతులం పొమ్మంటాడు పాలిఫీమస్. మూడుసార్లు ఇద్దరేసి చొప్పున ఆరుగురిని తింటాడు. ఒడిస్సియస్ ద్రాక్షసారాయి పోస్తే సంతోషించి, నీకు అతిథి కానుకగా నిన్ను అందరికంటే చివర తింటానంటాడు. వాడి మీద నేరారోపణ మొత్తం ఇంటికొచ్చినవాళ్లతో ఎలా నడుచుకున్నాడన్నదే. ముఖం గురించి ఒక్క అభియోగం లేదు. ఆ మాటకొస్తే ఒడిస్సియస్ కూడా కడిగిన ముత్యమేమీ కాదు. చీజ్, నాలుగు పిల్లలు తీసుకుని పోదామని తోటివాళ్లు బతిమాలినా వినక, యజమాని ఏం కానుకలిస్తాడో చూడాలని అక్కడే కూర్చుని, అడగకుండానే వాడి చీజ్ తిన్నవాడు.

కన్ను పోయాక జరిగేది మీరు తప్పక చదవాలి. పాలిఫీమస్ గుహ వాకిట్లో కూర్చుని, మేతకు వెళ్లే గొర్రెల వీపులు ఒక్కొక్కటే తడుముతుంటాడు. మనుషులు వాటి కడుపుల కింద ఉన్నారని తెలియదు. అన్నిటికంటే చివర మందలోకెల్లా పెద్ద పొట్టేలు వస్తుంది, దాని కింద ఒడిస్సియస్. వాడు దాన్ని ఆపి మాట్లాడతాడు. ఎప్పుడూ మందకు ముందుండేదానివి, లేత పచ్చిక మీదికి నువ్వే ముందు, ఏటికి నువ్వే ముందు, సాయంత్రం ఇల్లు చేరడానికీ నువ్వే ముందు, ఇవాళ ఇలా వెనకబడ్డావేమిటి, నీ యజమాని కన్ను పోయిందని దిగులా అంటాడు. ఆ మాటలు విన్నాక వాడిని పూర్తిగా అసహ్యించుకోవడం నావల్ల కాదు. బడిలో వేసే నాటకంలో ఈ పొట్టేలు సీను ఉందో లేదో కనుక్కోండి. మీ నిర్ణయం చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది.

ఇంకో పాలిఫీమస్ ఉన్నాడు. అతన్ని చూస్తే మీకు బాగా తెలిసినవాడిలా అనిపిస్తాడు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో సిసిలీ దీవిలోని సిరక్యూస్ నుంచి వచ్చిన థియోక్రిటస్ అనే కవి, మా దేశపువాడే అంటూ వాడిని అప్పుడే నూనూగు మీసాలు వస్తున్న కుర్రాడిగా రాశాడు. గలాటియా అనే సముద్రకన్యను ప్రేమించి, మందను వాటి మానాన వదిలేసి, ఒడ్డున కూర్చుని పాడుకుంటాడు. ‘నువ్వెందుకు పారిపోతున్నావో తెలుసు, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా ఒకటే కనుబొమ, దాని కింద ఒకటే కన్ను’ అని ఎవరూ అనకముందే తనే అనేసుకుంటాడు. ఆ వెంటనే వెయ్యి జీవాలున్నాయి, ఏ కాలంలోనూ చీజ్‌కు కొదవ లేదు అని ఆస్తి లెక్క చెబుతాడు. మొప్పలతో పుట్టి ఉంటే నీళ్లలోకి దూకి నీ దగ్గరికే వచ్చేవాడిని అని వాపోతాడు. చివరికి కోపం ఎవరి మీదికి మళ్లుతుందనుకున్నారు? తల్లి మీదికి. రోజురోజుకూ చిక్కిపోతున్నానని కళ్లారా చూస్తూ మా అమ్మ నా తరఫున ఒక్క మంచిమాట చెప్పలేదు, తల, రెండు కాళ్లు పోటెత్తుతున్నాయని చెబుతాను, నేను బాధపడుతున్నాను కనుక తనూ బాధపడాలి అంటాడు. ఇరవైరెండు బళ్లు కదిలించలేని రాయిని గుహకు తలుపుగా అడ్డంపెట్టే వంశంలో పుట్టినవాడు ఇలా అమ్మ మీద అలుగుతాడు!

ఇప్పుడు మీ అబ్బాయి తలుపు దగ్గరికి వద్దాం. ఉత్తరంలో మీరే రాశారు: నాటకం మాట వచ్చి పది రోజులు, తలుపు మూతపడి నెల. అంటే పాలిఫీమస్ వచ్చేసరికే వాడు గదిలో ఉన్నాడు. రాక్షసుడి నుంచి అంటుకున్నదల్లా ‘గుహ’ అనే పేరొక్కటే. అందులో కాస్త హాస్యం కూడా ఉంది, గమనించండి. 13 ఏళ్లవాడు తలుపేసుకోవడం, చెల్లెలి మీద విసుక్కోవడం ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. అయితే నెల కిందట ఏదైనా జరిగిందా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. నిద్ర పోకపోవడం, బడికి వెళ్లనని మొరాయించడం, ఇష్టమైన ఆటలు మానేయడం, బతుకు మీద విరక్తి మాటలు లాంటివి ఏవైనా కనబడితే నాటకం గొడవ పక్కనపెట్టి వెంటనే పిల్లల మానసిక నిపుణులకు చూపించండి. అవేవీ మీరు రాయలేదు. లేవనే అనుకుంటున్నాను.

నన్ను ఆపింది వాడి జవాబు. ‘ఎవరంటున్నారు?’ అంటే ‘ఎవరూ లేరు.’ కథలో ఒడిస్సియస్ తన పేరు అదే అని చెబుతాడు. కన్ను పోయి పాలిఫీమస్ పెడబొబ్బలు పెడితే చుట్టుపక్కల గుహల్లోని సైక్లోపులు పరుగెత్తుకొస్తారు. ఎవరు నిన్ను చంపుతున్నారు అని అడుగుతారు. ‘ఎవరూలేరు’ అని అరుస్తాడు వాడు. ఎవరూ లేకపోతే అది దేవుడిచ్చిన జబ్బు, మీ నాన్న, సముద్రదేవుడు పొసైడన్‌కు మొక్కుకో అని చెప్పి వెళ్లిపోతారు. వాళ్లు రావడం వచ్చారు, ఒక్క జవాబు విని తిరిగి వెళ్లారు. మీరు వెళ్లిపోలేదని నాకు తెలుసు. కానీ రెండేళ్లుగా అదే ప్రశ్న, అదే జవాబు. పేర్లు చెబితే మీరు బడికి వచ్చి రచ్చ చేస్తారని, దాంతో మరింత ఏడిపిస్తారని వాడి భయం కావచ్చు. కనుక ‘ఎవరు’ అన్న ప్రశ్న మానేయండి. ‘అలా అన్నప్పుడు నువ్వేం చేస్తావు?’ అని అడగండి. పేర్లు చెప్పకుండానే జవాబివ్వగల ప్రశ్న అది. ఆ వెక్కిరింతను ఆపే బాధ్యత బడిది. వేషం వేసినా, వేయకపోయినా, క్లాస్ టీచర్‌తో ఆ విషయం విడిగా మాట్లాడవలసిందే. రెండూ కలిపి మాట్లాడితే, వేషం మాన్పించేసి సమస్య తీరిందనుకునే ప్రమాదముంది.

ఇక మాన్పించాలా వద్దా? మాన్పించడం సులువు. టీచర్ ఊపిరి పీల్చుకుంటారు, అత్తగారు స్థిమితపడతారు. కానీ నాటకం ఆగదు. ఇంకో పిల్లవాడు నుదుటి మీద కన్ను గీయించుకుని ఒంటికన్నువాడిలా తడబడుతూ నడుస్తాడు. మీ అబ్బాయి కింద కుర్చీలో కూర్చుని చూస్తాడు, చుట్టూ ఉన్నవాళ్లు ఓరకంట వాడిని చూస్తుంటారు. ఇంతకుమించి వాడికో సంగతి అర్థమవుతుంది: నా కన్ను దాచవలసిన విషయమని మా అమ్మ కూడా అనుకుంటోంది. టీచర్ అసలు కథే మార్చేస్తే ఈ చిక్కు ఉండదు గానీ, అది మీ అబ్బాయి వల్లే మారిందని తరగతిలో అందరికీ తెలుస్తుంది.

ఏమీ అడగకుండా ‘వాడిష్టం’ అని ఒప్పుకోవడం మీవారి దారి. అందులో గౌరవం ఉంది, కొంత బద్ధకమూ ఉంది. నాటకప్రతి చవకబారుదైతే, రాక్షసుడు వికారంగా నవ్వి, తాగి దొర్లి, పొడిపించుకుని, జనం చప్పట్లు కొడితే అయిపోయేదైతే, మర్నాటి నుంచి ఆ పేరుకు బడి ముద్ర పడినట్టే. నవ్వు ఎక్కడ వస్తుందో ఎనిమిదో తరగతివాడు ముందుగా ఊహించలేడు.

వేషం మార్చి ఒడిస్సియస్‌గా వేయించవచ్చుగా అని మీకు తట్టే ఉంటుంది. పిల్లవాడు తనంతట తాను అడిగితే సరే. మీరు సూచిస్తే మాత్రం అది జాలిపడి ఇచ్చిన వేషమని కనిపెట్టేస్తాడు. పైగా దుంగ పొడవవలసింది వాడే అవుతాడు. అది ఎలా తేలిక అవుతుందో నాకు అర్థం కాదు.

నాకు నచ్చిన దారి, ఒప్పుకోవడమే, కానీ వాడితో ఒక మాట, టీచర్‌తో ఒక మాట అయ్యాక. వాడిని ‘ఎందుకు వేస్తానన్నావు’ అని నిలదీయకండి. ‘అందులో నీకు నచ్చిన సీను ఏది’ అనండి. మనుషుల్ని నమిలే సీను అంటే దిగులుపడకండి, ఆ వయసుకు అది సహజం. పొట్టేలు సీను అన్నా, చివర పడవ మీదికి కొండరాయి విసిరే సీను అన్నా, వాడు కథ సరిగ్గా చదివాడని అర్థం. ‘ఎలాగూ అందరూ అదే అంటున్నారుగా’ అన్నాడంటే మాత్రం తొందరపడి ఒప్పుకోకండి. అది నటుడి మాట కాదు, ఓడిపోయినవాడి మాట. ఆ రాత్రికి నాటకం సంగతి ఎత్తకుండా వాడు చెప్పింది వినండి. రెండ్రోజులు గడువు అడిగితే టీచర్ కాదనరు.

టీచర్‌ను అడగవలసింది నాటకప్రతి. కొనితెచ్చిన హాస్యనాటికలా ఉంటే, పొట్టేలు మాటలు చేర్చగలరా అని అడగండి, చేర్చలేనంటే ఆలోచించుకోండి. ఇంకొకటి: పారిపోతూ పడవలోంచి ఒడిస్సియస్ తన అసలు పేరు గొప్పగా అరుస్తాడు. ఆ పేరు పట్టుకునే పాలిఫీమస్ తండ్రికి మొక్కి శపిస్తాడు: వీడు ఆలస్యంగా, తోటివాళ్లందరినీ పోగొట్టుకుని, పరాయి పడవలో ఇల్లు చేరాలి, చేరాక ఇంట్లోనూ కష్టాలే ఎదురవ్వాలి అని. అక్షరాలా అంతా జరుగుతుంది. చివరి మాట రాక్షసుడిదే. అది ఉంచితే మీ అబ్బాయికి నిలబడి పలకడానికి మంచి సంభాషణ దొరుకుతుంది, జనం లేచిపోయేటప్పుడు గుర్తుండేదీ అదే.

వాడికి కథ వెనకున్న కథ కూడా ఒకటి చెప్పండి. సిసిలీ గుహల్లో పూర్వం మరుగుజ్జు ఏనుగుల పుర్రెలు దొరికేవి. ఏనుగు పుర్రెకు మధ్యలో, తొండం మొదలయ్యే చోట పెద్ద రంధ్రం ఉంటుంది. దాన్ని కంటిగుంట అనుకునే ఒంటికన్ను రాక్షసుల్ని ఊహించుకున్నారేమో అని 1914లో ఆస్ట్రియాకు చెందిన పురాజీవ శాస్త్రవేత్త ఓథెనియో ఆబెల్ ప్రతిపాదించాడు. ఋజువైన సంగతి కాదు. అయినా తనను ‘సైక్లాప్స్’ అన్నవాడికి ‘అది ఏనుగురా’ అని తిరిగి చెప్పడానికి పనికొస్తుంది.

అత్తగారికి గ్రీకు కథ చెప్పే శ్రమ పెట్టుకోకండి. కబంధుడి గురించి అడగండి. అరణ్యకాండలో తల లేకుండా, కడుపులో నోరు, రొమ్ము మీద ఒకే కన్ను పెట్టుకుని రామలక్ష్మణులను పట్టుకున్నవాడు. చేతులు నరికి దహనం చేశాక దివ్యరూపంతో లేచి, సుగ్రీవుడి దగ్గరికి వెళ్లమని దారి చూపించేది వాడే. ఆ కథ ఆవిడ చేతే మనవడికి చెప్పించండి. ఆవిడ ఏడుపు వేషం గురించి మాత్రమే కాదు, ఏడేళ్ల కిందటి రాత్రి గురించి. మీదీ అంతే.

మీరు వంటింట్లో ఉన్నారు. పండగ రాత్రి ఆ వేళకు మన ఇళ్లలో ఆడవాళ్లు ఇంకెక్కడ ఉంటారు? వాకిట్లో పెద్దవాళ్లు ఎవరెవరున్నారో మీరు రాయలేదు, నేనూ అడగను. చిచ్చుబుడ్డి పేలడానికి మీరు కారణం కాదని నేను చెబితే మీకు ఊరట కలగదని తెలుసు. అందుకే ఆ వాక్యం నాకు రాసినట్టే మీవారితో ఒకసారి నోరు తెరిచి అనండి. ఆయనకూ అలాంటి వాక్యమొకటి ఉండి ఉంటుంది, పేపరు అడ్డంపెట్టుకున్నారు. అవసరమనిపిస్తే ఇద్దరూ కలిసి నిపుణులను చూడండి. ఆ బరువు పిల్లవాడి ముందు మాత్రం దించకండి, మిమ్మల్ని ఓదార్చే పని వాడి మీద పడుతుంది.

చివరిది, నన్నడిగితే అసలు ప్రమాదం ఉన్నది ఇక్కడే. ఒక కన్నుతో చూసేవాడికి ఎడమపక్కనుంచి వచ్చేది ఆలస్యంగా కనబడుతుంది, దూరం అంచనా వేయడం కష్టమవుతుంది. స్టేజీ అంచు, మెట్లు, లైట్లు ఆరిపోయే క్షణాలు వాడికి ముందే అలవాటు కావాలి. అంచున తెల్లటి పట్టీ అంటించమనండి. తోటి నటులు వాడికి కుడివైపు నుంచి రావాలి. ముఖానికి ముసుగు వద్దు, నుదుటి మీద బొమ్మకన్ను ఉన్న పట్టీ చాలు. మిగిలిన కంటి రక్షణకు పవర్ లేకపోయినా పాలికార్బొనేట్ అద్దాలు పెట్టుకోమని కంటి వైద్యులు చెబుతారు, రిహార్సల్స్‌లో అవి ఉండాలి. నాటకం రక్తి కట్టడానికి కృత్రిమ కన్ను తీసేస్తానని వాడే అనవచ్చు, వెంటనే కేకలేయకుండా వైద్యుణ్ణి అడిగి చెబుతాననండి. పొడిచే సీనులో కర్ర గానీ అట్టముక్క గానీ వాడి ముఖం వైపు రాకూడదు, తెర వెనక నీడలతో చేయించమనండి. వేషం, మాటలు, మీసాలు అన్నీ వాడిష్టానికి వదలండి. ఇది మాత్రం వదలకండి.